కొన్ని ఛానెళ్ళలోనే బొమ్మ గడులుగా విడిపోతుంటే: కేబుల్ లైన్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

హాల్లో టీవీ దాదాపు బాగానే వస్తోంది, బెడ్‌రూమ్ టీవీలో మాత్రం కొన్ని ఛానెళ్ళు గడులు గడులుగా విడిపోయి ఆగిపోతున్నాయి, ఆంప్లిఫయర్ కొని పెడితే సిగ్నల్ స్ట్రెంత్ 60 నుంచి 85 శాతానికి పెరిగింది గానీ బొమ్మ ఇంకా పాడైంది అని మీరు చెప్పారు. సగం జవాబు ఆ చివరి మాటలోనే ఉంది. ముందు ఆ ఆంప్లిఫయర్ తీసి పక్కన పెట్టండి. అది ఉన్నంతసేపూ ఏ పరీక్ష చేసినా ఫలితం నమ్మడానికి ఉండదు.

సెట్‌టాప్ బాక్సు మెనూలో స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. స్ట్రెంత్ అంటే బాక్సులో ఛానెల్‌ని పట్టుకునే భాగమైన ట్యూనర్‌లోకి వచ్చిపడుతున్న మొత్తం బలం. అందులో అసలు సిగ్నల్ ఎంత, చెత్త ఎంత అనేది అది చెప్పదు. అది చెప్పేది క్వాలిటీ. లైన్ మీద పనిచేసేవాళ్ళు మీటరులో ఎంఈఆర్ అని, డీబీ (డెసిబెల్) లెక్కలో చూసేది దీన్నే. గోలలో వినపడని మాటకి మైకు పెడితే గోల కూడా పెరిగినట్టు, పాడైన సిగ్నల్‌ని ఆంప్లిఫయర్ పెంచితే స్ట్రెంత్ పెరుగుతుంది, క్వాలిటీ ఉన్నచోటే ఉంటుంది, లేదా తగ్గుతుంది. కాబట్టి ఇకమీదట చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే. ఈ శాతాలకి అందరికీ ఒకే కొలత అంటూ లేదు. ఒక కంపెనీ బాక్సులో 60 అయినది ఇంకోదాంట్లో 80 కావచ్చు. పక్కింటి బాక్సుతో పోల్చకుండా, మీ బాక్సునే ఒకచోట పెట్టి చూసి, ఇంకోచోట పెట్టి చూసి పోల్చుకోండి.

డిజిటల్ సిగ్నల్‌కి ఇంకో గుణం ఉంది. పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ మీద చుక్కలు మెల్లగా పెరిగేవి. ఇప్పుడు అలా ఉండదు. క్యామ్ అంటే సిగ్నల్‌లో సమాచారాన్ని కూర్చే పద్ధతి, దాని అంకె పెద్దదైతే సమాచారం ఎక్కువ పడుతుంది గానీ సిగ్నల్ ఇంకా శుభ్రంగా ఉండాలి. 64 క్యామ్‌లో వచ్చే ఛానెళ్ళకి ఎంఈఆర్ 36 డీబీ ఉన్నా 28 ఉన్నా బొమ్మ ఒకేలా ఉంటుంది. 24-26 దగ్గరికి జారిందా, గడులు మొదలై కాసేపట్లోనే మొత్తం పోతుంది. 256 క్యామ్ అయితే ఆ అంచు 30-32 దగ్గరే ఉంటుంది. అంటే మీ హాల్లో టీవీ "బాగానే వస్తోంది" అన్నంత మాత్రాన అక్కడ సిగ్నల్ బాగున్నట్టు కాదు. అంచుకి రెండు డీబీల ఇవతల నిలబడి ఉండొచ్చు. అందుకే హాల్లో కూడా క్వాలిటీ అంకె చూసి రాసుకోండి.

లైన్ మీద పడేముందు, అసలు ఇది సిగ్నల్ గొడవేనా అని తేల్చుకోవాలి. రెండు బాక్సులనీ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టండి, వాటి అడాప్టర్లతో సహా. తప్పు బాక్సుతోపాటు హాల్లోకి వస్తే లైన్‌ని అనుమానించే పనే లేదు. చాలాసార్లు ఇది 12 వోల్టుల అడాప్టరు దగ్గరే తేలుతుంది. లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన అడాప్టరు, ఖాళీగా కొలిస్తే 12 వోల్టులు చూపిస్తూనే, లోడు పడగానే జారిపోతుంది. అప్పుడు బాక్సు ఆగడం, తనంతట తానే రీస్టార్ట్ కావడం జరుగుతాయి. గడులు లేకుండా తెర మొత్తం నల్లగా అయిపోయి రెండు క్షణాల్లో తిరిగి వస్తుంటే, లేదా బొమ్మ మీద తెల్లటి మెరుపుచుక్కలు పడుతుంటే అది హెచ్‌డీఎంఐ వైరు. బొమ్మ గడులుగా విడిపోవడం, మాట తెగితెగి రావడం రెండూ ఉంటేనే లైన్ వైపు చూడండి. కార్డు గురించో చందా గురించో తెర మీద సందేశం వస్తుంటే అది వేరే సంగతి, దానికి వైర్లతో పని లేదు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, పాడైన ఛానెళ్ళ పేర్లు కాకుండా వాటి ఫ్రీక్వెన్సీలు రాయండి. ఛానెల్ నడుస్తుండగా ఇన్ఫో నొక్కితేనో, సెట్టింగ్స్‌లో సిగ్నల్ సమాచారం దగ్గరో కనపడుతుంది. 578 అనో 578000 అనో ఉంటుంది, రెండూ ఒకటే. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఎన్నో ఛానెళ్ళు కలిసి ప్రయాణిస్తాయి. అందుకే పోతే గుంపుగా పోతాయి, "ఈ భాష ఛానెళ్ళు మాత్రమే రావట్లేదు" లాంటి ఫిర్యాదులన్నీ ఇలా పుట్టేవే. రాసుకున్న అంకెలే చాలా చెబుతాయి.

పాడైనవన్నీ పై ఫ్రీక్వెన్సీల్లో, అంటే 600, 700 ఆపైన ఉంటే వైరు పొడవు ఎక్కువైందనో, పాతబడిందనో, తడి చేరిందనో అర్థం. కేబుల్‌లో నష్టం ఫ్రీక్వెన్సీతోపాటే పెరుగుతుంది. ఇళ్ళలో మామూలుగా వాడే ఆర్‌జీ-6 రకం కేబుల్ వైరు 100 మీటర్లకి 55 మెగాహెర్ట్జ్ దగ్గర 5 డీబీ చిల్లర పోతే, 750 దగ్గర 18-19 డీబీ పోతుంది. కింది ఫ్రీక్వెన్సీలే పాడై పైవి బాగుంటే వినడానికి వింతగా ఉంటుంది గానీ, దానికి కారణం దాదాపు ఒక్కటే. ఎక్కడో మధ్య తీగ తగలడం లేదు. తెగిన తీగ రెండు కొసల మధ్య సందు చిన్న కెపాసిటర్‌లా పనిచేసి పై ఫ్రీక్వెన్సీలని దూకనిస్తుంది, కిందివాటిని ఆపేస్తుంది. ఒక్క ఫ్రీక్వెన్సీయే పోయి అటూ ఇటూ ఉన్నవి బాగుంటే, బయటి నుంచి ఏదో చొరబడుతోందన్నా అనుకోవాలి, ఆపరేటర్ దగ్గరే తప్పుందన్నా అనుకోవాలి. పక్కింట్లో అదే ఛానెల్ చూస్తే తేలిపోతుంది. ఇక కొన్ని పోయి, కొన్ని ఉండి, మళ్ళీ కొన్ని పోతూ మెట్లు మెట్లుగా ఉంటే, అది సిగ్నల్ ఎక్కడో తగిలి వెనక్కి తిరుగుతుండటం. దీని గురించి కింద చెప్తాను.

తర్వాత బెడ్‌రూమ్ బాక్సుని ఒక చిన్న టీవీతో సహా, లైన్ ఇంట్లోకి వచ్చే మొదటి చోటికి తీసుకెళ్ళండి. బయటి వైరుని స్ప్లిటర్ (ఒక లైన్‌ని టీవీలకి పంచే చిన్న డబ్బా) నుంచి విప్పి నేరుగా బాక్సుకి పెట్టండి. రాసుకున్న ఫ్రీక్వెన్సీల్లో క్వాలిటీ చూడండి. ఇక్కడే పాడుగా ఉంటే ఇంట్లో మీరు ఏం మార్చినా లాభం లేదు, ఆపరేటర్‌ని పిలవాలి. ఇక్కడ బాగుంటే తప్పు ఇంట్లోనే. అప్పుడు స్ప్లిటర్ తర్వాత ఒకసారి, దారి మధ్యలో జాయింట్ ఉంటే అక్కడ ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. ఏ రెండు చోట్ల మధ్య అంకె పడిపోయిందో ఆ ముక్కలోనే తప్పుంది. వరసగా అన్నీ మార్చుకుంటూ పోతే డబ్బు దండగ, పైగా చివరికి ఏది బాగుపడిందో కూడా తెలియదు.

పరీక్షకి వాడే వైరు మంచిదై ఉండాలి. రెండు వైపులా కొత్త ఎఫ్ కనెక్టర్లు (కేబుల్ కొసకి వేసే, నట్టులా తిప్పి బిగించేవి) వేసిన రెండు మీటర్ల ఆర్‌జీ-6 ముక్క ఒకటి విడిగా ఉంచుకోండి. బాక్సులతో వచ్చే సన్నటి రెడీమేడ్ వైర్లు దీనికి పనికిరావు. వాటి లోపల బయటి సిగ్నళ్ళని ఆపే లోహపు కవచం పేరుకే ఉంటుంది.

మీ ఇంటి లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఇంట్లోకి వచ్చేచోట 750 దగ్గర 66 డీబీ మైక్రోవోల్ట్ (సిగ్నల్ బలాన్ని, అంటే లెవెల్‌ని, మీటరు చూపించే లెక్క) ఉందనుకోండి. రెండు దారుల స్ప్లిటర్ దాదాపు 4 డీబీ తింటుంది, 62 మిగిలింది. బెడ్‌రూమ్‌కి 20 మీటర్ల పాత ఆర్‌జీ-59 వైరు అయితే 5 డీబీ కాస్త తక్కువగా పోతుంది, 57 అనుకోండి. మధ్యలో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఇంకో స్ప్లిటర్ ఉంటే ఇంకో 4, అంటే 53. 64 క్యామ్‌కి 47 నుంచి 67 వరకు ఉంటే చాలు, కాబట్టి 53 హాయిగా సరిపోతుంది. 256 క్యామ్‌కి కనీసం 54 కావాలి, అక్కడ అంచున ఉన్నట్టు. దీన్నిబట్టి చూస్తే, రెండు టీవీల ఇంట్లో స్ప్లిటర్, వైరు కలిసి తినే నష్టం ఒక్కటే బొమ్మని చెడగొట్టడం అరుదు. చాలామటుకు తప్పు జాయింట్లలో, కనెక్టర్లలో ఉంటుంది. నాలుగు దారుల స్ప్లిటర్ 7-8, ఎనిమిది దారులది 11 డీబీ పైన తింటుంది. మూడు దారులవాటిలో చాలామటుకు ఒక నోటికి 4, మిగతా రెండింటికి 7-8 చొప్పున పంచుతాయి, దూరంగా ఉన్న టీవీకి ఆ మొదటి నోరు ఇవ్వాలి. ఏది ఎంత తింటుందో దాని మీదే అచ్చేసి ఉంటుంది. అలాగే 5-1000 మెగాహెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. 950-2400 అని ఉంటే అది డిష్ ఆంటెనాకి పనికొచ్చేది, కేబుల్ లైన్లో పెడితే సగం ఛానెళ్ళు మింగేస్తుంది.

ఇక కనెక్టర్ల సంగతి. తప్పు ఎక్కువగా దొరికేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ముందు ఇంట్లో ఉన్న ప్రతి కనెక్టర్‌నీ విప్పి మధ్య తీగ చూడండి. అది ఎర్రగా మెరుస్తూ, నిటారుగా, నట్టు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. పొట్టిగా ఉంటే లోపల స్ప్రింగుకి అందదు. మరీ పొడవుగా ఉంటే వెనక గోడకి తగిలి వంగుతుంది. నల్లబడినా, పచ్చగా చిలుం పట్టినా గీకి బాగుచేద్దామనుకోకండి. ఇప్పటి వైర్లలో చాలావాటికి మధ్య తీగ ఉక్కు, పైన రాగి పూత మాత్రమే. గీకితే ఆ పూత పోతుంది, పై ఫ్రీక్వెన్సీల సిగ్నల్ అంతా నడిచేది ఆ పూతలోనే. కోసేసి కొత్తది వేయాలి. తర్వాత లోపలికి తొంగి చూస్తే కవచంగా చుట్టూ ఉండే వెండి రంగు వెంట్రుక లాంటి అల్లిక తీగ ఒక్కటైనా మధ్య తీగ వైపు వంగి ఉందేమో గమనించండి. అది తగిలీ తగలకుండా ఉంటే, తలుపు వేసినప్పుడల్లా బొమ్మ పోయే రకం తప్పు అవుతుంది.

కొత్తది వేయడానికి కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్లు, వాటికి సరిపడే నొక్కుడు పనిముట్టు తీసుకోండి. మరమేకులాగా తిప్పి ఎక్కించే రకం తాత్కాలికానికే, కొన్నాళ్ళకి వదులవుతుంది. మామూలు పట్టకారుతో నొక్కితే గుండ్రం పోయి ఒకవైపు సందు మిగులుతుంది. వైరు కొస నుంచి 13 మిల్లీమీటర్ల మేర పై తొడుగు తీయండి. అల్లికని వెనక్కి తిప్పి తొడుగు మీదికి సమంగా దువ్వండి. తెల్లటి నురుగు ప్లాస్టిక్‌కి అతుక్కుని ఉన్న రేకుని మాత్రం ముట్టుకోకండి, అది కవచంలో భాగమే. కొస నుంచి 6-7 మిల్లీమీటర్లు రేకూ నురుగూ కలిపి కోసి మధ్య తీగని బయటపెట్టండి. బ్లేడు లోతుగా దిగి తీగ మీద గాటు పెట్టకూడదు, గాటు పడినచోట తర్వాత విరుగుతుంది. కనెక్టర్‌ని తిప్పుతూ లోపలికి నెట్టండి. ముందువైపు నుంచి చూస్తే తెల్లటి నురుగు లోపలి అడుగుతో సమానంగా వచ్చి ఆగాలి. ఇంకా లోతుగా కనిపిస్తే ఇంకా నెట్టాలి, సగం వేసిన కనెక్టర్లన్నీ పోయేది ఇక్కడే. అప్పుడు నొక్కండి. బిగించేటప్పుడు చేత్తో ఆగేదాకా తిప్పి, స్పానర్‌తో పావు చుట్టు. అంతకంటే ఎక్కువ బిగిస్తే బాక్సు వెనక సాకెట్టు లోపల ఊడి వస్తుంది.

ఆర్‌జీ-59కి వేరే కనెక్టర్, ఆర్‌జీ-6కి వేరే. ఒకటి ఇంకోదానికి పట్టినట్టు కనిపిస్తుంది గానీ పట్టదు. మధ్య తీగ మందం కూడా తేడా, 0.8 మిల్లీమీటర్లు, 1.02 మిల్లీమీటర్లు. బయటి లావు ఆర్‌జీ-11 తీగ 1.6 దాకా ఉంటుంది. ఆ లావు తీగని ఒకసారి తోసిన స్ప్లిటర్ నోట్లో స్ప్రింగు వెడల్పై పోయి, ఆ తర్వాత సన్న తీగ పెడితే సరిగా పట్టుకోదు. అలాంటి స్ప్లిటర్ పైకి కొత్తగా కనిపించినా మార్చేయాల్సిందే.

వైరుకి వైరు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఎక్కడైనా ఉంటే, మిగతావన్నీ వదిలేసి ముందు వాటి పని పట్టండి. కోయాక్సియల్ వైరు కరెంటు వైరు కాదు. మధ్య తీగకీ అల్లికకీ మధ్య దూరం మొదటి నుంచి చివరిదాకా మారకుండా ఉంటేనే అది 75 ఓమ్‌లు (ఇది సిగ్నల్‌కి ఎదురయ్యే లెక్క, మల్టీమీటర్‌లో కనిపించేది కాదు). మెలిపెట్టినచోట ఆ దూరం చెడి కొంత సిగ్నల్ వెనక్కి తిరుగుతుంది. అంతకంటే ఘోరం, లైన్‌కి మధ్యలో ఇంకో వైరు కలిపి ఒక కొస ఊరికే వదిలేయడం. 10 మీటర్ల వైరు అలా వేలాడుతుంటే సుమారు 12 మెగాహెర్ట్జ్‌కి ఒకసారి చొప్పున సిగ్నల్‌లో గుంటలు పడతాయి. ఆ గుంట ఎవరి ఫ్రీక్వెన్సీ మీద పడితే ఆ గుంపు పోతుంది. ఇందాక చెప్పిన మెట్లు మెట్లు వ్యవహారం ఇదే. మెలి తీసేసి, రెండు ఎఫ్ కనెక్టర్లు, మధ్యలో ఒక బారెల్ జాయింట్ వేయండి. రెండుగా పంచాలంటే స్ప్లిటరే పెట్టండి. స్ప్లిటర్‌లో ఖాళీగా ఉన్న నోళ్ళకి 75 ఓమ్‌ల టెర్మినేటర్ మూతలు బిగించండి. గోడకి మేకు పట్టీ కొట్టి నలిపినచోట, తలుపు సందులో చితికినచోట కూడా జరిగేది ఇదే, ఆ ముక్క కోసేయాలి. మలుపు దగ్గర ఆర్‌జీ-6ని ఏడు సెంటీమీటర్ల కంటే చిన్న గుండ్రంలో వంచకండి.

గోడ లోపల ఉన్న వైరు బాగుందో లేదో మల్టీమీటర్‌తో కొంతవరకు తెలుస్తుంది. రెండు కొసలూ విప్పండి. మధ్య తీగకీ అల్లికకీ మధ్య అసలు తగలకూడదు. తర్వాత ఆ చివర రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలిపి ఈ చివర కొలిస్తే 20 మీటర్లకి రెండు మూడు ఓమ్‌లు రావాలి. పదుల్లో వచ్చినా, వైరు కదిపితే అంకె ఊగినా లోపల తెగుతోందన్నమాట. స్ప్లిటర్ మధ్యలో ఉంచి కొలవకండి, అందులో చుట్టలు ఉంటాయి కాబట్టి అంకెకి అర్థం ఉండదు.

ఫ్యానో మిక్సీయో వేసినప్పుడు, ఎల్ఈడీ లైటు వెలిగించినప్పుడు గడులు వస్తుంటే, ఫోన్‌ని బాక్సు దగ్గర పెట్టినప్పుడు ఒక గుంపు పోతుంటే, అది చొరబాటు. 4జీ సిగ్నళ్ళు 700, 800 మెగాహెర్ట్జ్‌ల్లో కూడా నడుస్తాయి, కేబుల్ కూడా వైరు లోపల అవే ఫ్రీక్వెన్సీలు వాడుకుంటుంది. కవచం పూర్తిగా ఉంటే రెండూ కలవవు. వదులు నట్టు, చవక రెడీమేడ్ వైరు, అల్లిక తెగిన జాయింట్ ఉంటే కలుస్తాయి. దీనికి విరుగుడు కనెక్టర్ బిగించడం, మంచి అల్లిక ఉన్న వైరు వేయడం. ఫిల్టర్లు కొనడం తర్వాతి మాట.

వాన పడ్డాక మొదలై ఎండ కాశాక తగ్గే తప్పు తడిది. బయటి జాయింట్‌లోకి చేరిన నీరు అల్లిక వెంట పాకుతుంది, కనెక్టర్ ఒక్కటి మార్చితే చాలదు. అల్లిక తెల్లగా మెరిసే చోటు వచ్చేదాకా వైరు కోసుకుంటూ వెళ్ళాలి, ఒక్కోసారి మీటరు పైనే పోతుంది. జాయింట్‌కి తనంతట అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూయకండి, అది రాగిని తింటుంది. వైరు ఇంట్లోకి దూరే రంధ్రానికి ముందు కిందికి ఒక వంపు వదిలితే నీరు అక్కడే బొట్లుగా పడిపోతుంది.

ఇదంతా అయ్యాక కూడా, టీవీలు నాలుగైదు ఉండి బలమే చాలకపోతే, అప్పుడు ఆంప్లిఫయర్. దాని చోటు టీవీ వెనక కాదు, లైన్ ఇంట్లోకి వచ్చినచోట, మొదటి స్ప్లిటర్ కంటే ముందు. సిగ్నల్ శుభ్రంగా ఉన్నప్పుడే పెంచి తర్వాత పంచాలి. గెయిన్ (ఎంత పెంచాలో తిప్పి పెట్టేది) కనిష్ఠం నుంచి మొదలుపెట్టి, చివరి టీవీలో క్వాలిటీ పెరగడం ఆగేదాకా మెల్లగా తిప్పి, కాస్త వెనక్కి రండి. ఎక్కువ తిప్పితే లోపల ఛానెళ్ళు ఒకదాంతో ఒకటి కలిసిపోయి కొత్త చెత్త పుడుతుంది, స్ట్రెంత్ ఎగిరి క్వాలిటీ పడిపోతుంది. మీకు జరిగింది బహుశా ఇదే. అదే లైన్ మీద ఇంటర్నెట్ మోడెం కూడా ఉంటే, మోడెం వెనక్కి పంపే 5-65 మెగాహెర్ట్జ్‌కి దారి ఉన్న ఆంప్లిఫయరే పెట్టాలి, లేకపోతే టీవీ బాగుపడి నెట్ పోతుంది. దీనికి తలకిందులుగా, ఆపరేటర్ ట్యాప్ (ఇళ్ళకి లైన్ విడదీసే డబ్బా) మీ గోడకే ఉన్న ఇళ్ళలో సిగ్నల్ 75-80 డీబీ మైక్రోవోల్ట్ దాటి వచ్చి బాక్సు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అక్కడ 6 లేదా 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించేది) ఒకటి పెడితే చాలు.

లైన్ ఫైబర్ మీద వచ్చి ఇంట్లో చిన్న నోడ్ డబ్బాతో కేబుల్‌గా మారుతుంటే, డబ్బా దాకా మీరు ముట్టుకోవద్దు. ఫైబర్ కొసని కంటికి ఎదురుగా పెట్టుకుని చూడొద్దు, ఆ వెలుగు కనపడదు గానీ కంటికి హాని. చూడగలిగింది రెండే. ఫైబర్ ఎక్కడైనా చిన్న గుండ్రంగా మడత పడిందా, ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దానికి తగిలించారా. ఆకుపచ్చ దాని ముఖం ఎనిమిది డిగ్రీల వాలుగా ఉంటుంది, నీలం దానితో కలిపితే మధ్యలో సందు మిగులుతుంది.

వైర్లు విప్పేముందు బాక్సులూ టీవీలూ ప్లగ్గు నుంచి తీసేయండి. అయినా కేబుల్ బయటి లోహం తాకితే షాక్ కొడితే ఆపేసి ఆపరేటర్‌కి చెప్పండి, కరెంటు బయటి నుంచి వస్తోందని అర్థం. ఉరుముల వాన ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

ఆపరేటర్‌ని పిలవాల్సి వస్తే "సిగ్నల్ బాలేదు" అని చెబితే వచ్చి ఇంకో ఆంప్లిఫయర్ పెట్టి పోతారు. "ఇంట్లోకి వచ్చేచోట నేరుగా బాక్సు పెట్టి చూశాం, ఫలానా ఫ్రీక్వెన్సీల్లో, ఫలానా వేళల్లో క్వాలిటీ ఇంత ఉంది" అని కాగితం చూపించండి. మీటరు పెట్టమని అడిగి మూడు అంకెలు చూడండి: కింది, మధ్య, పై ఫ్రీక్వెన్సీల్లో లెవెల్ 55-65 డీబీ మైక్రోవోల్ట్ మధ్య ఉండాలి, ఎంఈఆర్ 64 క్యామ్‌కి 30, 256కి 34 పైన ఉంటే వానకీ ఎండకీ తట్టుకునే వెసులుబాటు ఉంటుంది, తప్పులు సరిదిద్దకముందు బీఈఆర్ (తప్పుగా వచ్చే బిట్ల పాలు) పదివేల బిట్లకి రెండు తప్పుల కంటే బాగా తక్కువ ఉండాలి. లెవెల్ బాగుండి ఎంఈఆర్ తక్కువ చూపిస్తే తప్పు మీ గుమ్మం అవతల, వాళ్ళ లైన్ ఆంప్లిఫయర్లలోనో జాయింట్లలోనో ఉంది. ఆ అంకెల్ని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి.